పరకావు గొంతు

మధ్యాహ్నపు ఎండకి ఎన్‌కార్నసియోన్ ఊరంతా తలుపులు వేసుకుని కునుకు తీస్తోంది. అరసెలి మాత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, లేవడం, నది వైపు కిటికీ దాకా వెళ్ళి రావడం, మళ్ళీ కూర్చోవడం. తెర మూలన ఎప్పుడూ ఆకుపచ్చగా ఉండే చిలక బొమ్మ బూడిదరంగుకి తిరిగిపోయింది. నొక్కితే పలకడం లేదు. బదులుగా చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనిపిస్తోంది. దాన్ని కూడబలుక్కుని చదివేసరికి ఆమె నుదుట చెమట పట్టింది. తయారుచేసినవారు ఈ ప్రోగ్రామును వెనక్కి తీసుకున్నారు, అని ఉంది.

"ఏంటే ఆ తిరుగుడు? నేల అరిగిపోతుంది," అంది పెర్లా, మంచం మీంచి కళ్ళు తెరవకుండానే.

"పరకావు పోయింది."

"ఎవరు పోయారు?"

"చిలక. నా చిలక ప్రోగ్రాం."

"ఓసి నీ దుంప తెగ. నిజంగానే ఎవరో పోయారనుకున్నా కదే," అని పెర్లా గోడ వైపు తిరిగి పడుకుంది.

వాళ్ళిద్దరూ ఒకే గది అద్దెకి తీసుకున్న విద్యార్థినులు. పెర్లాది నర్సింగు. అరసెలి బడిపంతులమ్మ కావడానికి చదువుతోంది. అరసెలి ల్యాప్‌టాప్ ఎవరో వాడి వదిలేసింది, మూత ఒక పక్క విరిగి టేపుతో నిలబడి ఉంటుంది. కానీ బ్రౌజర్‌కి ఆమె తగిలించుకున్న బుల్లి బుల్లి ప్రోగ్రాములు కాలేజీలో ఇంకెవరి దగ్గరా లేవు. ఒకటి చదువుతున్న వరుసని మాత్రం పసుపురంగులో వెలిగించి మిగతా పేజీని మసక చేస్తుంది. ఒకటి అక్షరాల మధ్య జాగా పెంచుతుంది. తెరిచి మరిచిపోయిన పేజీలన్నిటినీ మాసిన బట్టల్లా మూటగట్టి పక్కన పడేసేది ఇంకొకటి. ఒక కోడిపెట్ట ఉంది. కదలకుండా అరగంట చదివితే గుడ్డు పొదిగి పిల్లని చేస్తుంది, మధ్యలో వేరే పేజీకి పోతే అలిగి లేచిపోతుంది. అరసెలి కోడికి ఇంతవరకూ సంతానం పెద్దగా కలగలేదు.

"చదువు తప్ప చదువుకి కావాల్సిన సామానంతా ఉంది నీ దగ్గర," అని పెర్లా ఎప్పుడూ వెక్కిరించేది. అరసెలి నవ్వి ఊరుకునేది. అవి బొమ్మలు కావని చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. అసలు సంగతి ఏమిటంటే, ఆమెకి అక్షరాలు కుదురుగా నిలబడవు. ఒకే రకంగా ఉండేవి ఒకదానిచోట ఒకటి దూరిపోతాయి. వరుస మధ్యలో ఉండగానే కింది వరుస పైకి పాకుతుంది. చిన్నప్పుడు బద్ధకస్తురాలన్నారు, మొద్దు అన్నారు. ఆమె పాఠాలు విని బట్టీపట్టి నెట్టుకొచ్చింది. రేపోమాపో పిల్లలకి చదవడం నేర్పాల్సిన మనిషి తనకే చదవడం రాదని ఎవరితో చెప్పుకుంటుంది?

పరకావు దొరికాకే ఆమెకి చదువంటే భయం పోయింది. స్పానిష్‌నీ, అక్కడివాళ్ళ సొంత భాష గ్వారానినీ కలిపి రాసిన పేజీ ఏదైనా సరే, చిలక మీద నొక్కగానే ఒక ఆడగొంతు చదివిపెట్టేది. పొడిపొడిగా కాదు, పక్కన కూర్చుని చెప్పినట్టు. ఆ గొంతు వింటూ కళ్ళతో పసుపు వరుసని పట్టుకుని పోతే అక్షరాలు కూడా బుద్ధిగా నడిచేవి. మిగతా బుల్లి ప్రోగ్రాములన్నీ ఆమెకి ఇష్టం. పరకావు మాత్రం ప్రాణం.

పరీక్షలు ముంగిట్లోకి వచ్చేశాయి. ఆ సాయంత్రమంతా చదివిపెట్టే ప్రోగ్రాములు దొరికినవి దొరికినట్టు తగిలించి చూసింది. స్పానిష్ అన్నీ బాగానే చదివాయి. గ్వారాని మాట రాగానే ఒకటి దగ్గింది, ఒకటి మాటని అక్షరం అక్షరంగా విడగొట్టి అప్పజెప్పింది. ఇంకొకటి, ఎవరో స్పెయిన్ పెద్దమనిషి గొంతు, బామ్మని పిలిచే మాటని తిట్టులా పలికేసరికి పెర్లా మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. అరసెలికి నవ్వు రాలేదు. పరకావుని తయారుచేసినవాడికి ఉత్తరం మీద ఉత్తరం పెట్టింది. జవాబు లేదు. అతని పేరు బ్లాస్ కబాన్యాస్ అనీ, విల్యారికా బజారులో ఫోన్లు బాగుచేసే కొట్టు ఉందనీ మాత్రం తెలిసింది.

"రేపు విల్యారికా వెళ్తున్నా," అంది.

"పిచ్చి ముదిరిందా? పరీక్షలు పెట్టుకుని చిలక కోసం ఆ కొసకా?"

"పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తా."

"చిలకే కావాలంటే సంతలో నిజందే దొరుకుతుంది కదే. అది గింజలు పెడితే చాలు, పాస్‌వర్డు కూడా అడగదు."

అరసెలి అప్పటికే సంచిలో చల్లనీళ్ళ ఫ్లాస్కు, అందులో నానబెట్టి తాగే తెరెరె ఆకు సర్దుతోంది.

బస్సులో కూర్చున్నా ఆమె కాళ్ళు ఆగలేదు. ముందు సీటుని మోకాలు తన్నుతుంటే ఆ సీట్లో ముసలాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కొరొనెల్ బొగాదోలో చీపా రొట్టెలు అమ్మే ఆడవాళ్ళు బుట్టలతో ఎక్కారు. వేడివేడి జున్ను వాసన బస్సంతా కమ్ముకుంది. కొనుక్కుంది, చేతిలో పట్టుకునే మరిచిపోయింది. ఎర్రమట్టి, ఆవులు, మళ్ళీ ఎర్రమట్టి. అతను కొట్లో లేకపోతే? ఉండి పొమ్మంటే? డబ్బడిగితే? ఏదడిగితే ఏం చెప్పాలో మనసులో అనుకుంటూ, అనుకున్నది మార్చుకుంటూ కాసపా ఊరు దాటిందన్న సంగతి కూడా గమనించలేదు.

బ్లాస్ కొట్లోనే ఉన్నాడు. ముప్పై నిండని సన్నటి మనిషి. విప్పిన ఫోను మీదికి వంగి, కంటికి భూతద్దం తగిలించుకుని ఉన్నాడు. పరకావు పేరెత్తగానే భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"ఉత్తరాలు రాసింది మీరేనా? క్షమించండి, చూశాను. ఏం రాయాలో తెలియలేదు."

"ఎందుకు తీసేశారు? బాగానే పనిచేస్తోంది కదండీ."

"పనిచేయకపోవడం కాదు. ఆ గొంతు మా అక్కది." అతను తెరెరె గ్లాసు నింపి ఆమెకి అందించాడు. "నా చదువు చివరి ఏడాది ప్రాజెక్టు అది. గ్వారాని సరిగ్గా పలికే ప్రోగ్రాం లేదని మా అక్క మిర్నాని కూర్చోబెట్టి మాటలన్నీ చదివించి రికార్డు చేశాను. పాపం, గొంతు బొంగురుపోయేదాకా చదివింది. తర్వాత అందరికీ పనికొస్తుందని ఊరికే బయటపెట్టేశాను. అక్కని అడిగానా అంటే, అడిగాననే అనుకున్నాను. నిజానికి అడగలేదు."

"అయితే?"

"అయితే ఏముంది. ఎవడో దానిచేత బూతు జోకులు చదివించి వీడియో చేశాడు. ఆ గొంతుతో వింటే భలే నవ్వొస్తుందట. దేశమంతా తిరిగింది. మా అక్క ఇక్కడి బస్టాండులో బస్సులొచ్చినప్పుడు మైకులో చెబుతుంది. ఇక చూడండి, ఆవిడ నోరు తెరిస్తే చాలు, బెంచీల మీద కుర్రాళ్ళు ఆ బూతులు అందుకునేవాళ్ళు. టిక్కెట్టు కిటికీ దగ్గరికొచ్చి మొహం మీదే అనేవాళ్ళు." అతను గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. "నెలలుగా నాతో మాట్లాడదు. తీసెయ్ అని మా అమ్మ చేత కబురు పెట్టింది. తీసేశాను."

"నా ఒక్కదానికైనా..."

"అక్క ఒప్పుకునేదాకా వేలు పెట్టను. మీరు తిట్టినా సరే. వెళ్ళి నేను పంపానని మాత్రం చెప్పకండి. మిమ్మల్ని కూడా గెంటేస్తుంది."

అరసెలి బస్టాండుకి వచ్చేసింది. ఇంటికి పోవడమా, ఆవిడని కలవడమా తేల్చుకోలేదు. కలిసి ఏం అడుగుతుంది? అంత అవమానపడ్డ మనిషి ముందుకెళ్ళి, మీ గొంతు నాకివ్వండి అని ఎలా అంటుంది? ఎన్‌కార్నసియోన్ బస్సు ఎప్పుడో అడిగి వెళ్ళిపోదామనుకుంది. అప్పుడే తల మీద లౌడ్‌స్పీకరు గరగరమంది.

"అసున్సియోన్ వెళ్ళు ప్రయాణికులు గమనించండి."

అరసెలి నడుస్తున్నదల్లా అక్కడే నిలబడిపోయింది. వెనక వస్తున్నావిడ సంచి తగిలి విసుక్కుంటూ పక్కకి తప్పుకుంది. ఆ గొంతు ఆమెకి పిల్లల మనస్తత్వం చెప్పింది, భిన్నాలు చెప్పింది, యుద్ధాల కథలు చెప్పింది, జ్వరంతో పడుకున్న రాత్రి వ్యాకరణం చెప్పింది. ఇప్పుడు ప్లాట్‌ఫారం నంబరు చెబుతోంది. కానీ ఏదో తేడా. కంప్యూటర్లో ఉన్న ఆ తీరిక లేదు. మాట నోట్లోంచి వదిలించుకుంటే చాలన్నట్టు గబగబా చెప్పేసి టక్కున ఆగిపోయింది. బెంచీ మీద ఒక కుర్రాడు ఏదో అన్నాడు, పక్కవాడు కిసుక్కున నవ్వాడు.

మైకు గది టిక్కెట్ల కిటికీ వెనకే ఉంది. అద్దం అవతల నలభై దగ్గరపడ్డ ఆవిడ, జుట్టు బిగించి ముడేసుకుంది, ఫ్యాను మొహానికి పెట్టుకుంది. పైకి చూడకుండానే, "ఎక్కడికి?" అంది.

"మిర్నాగారూ, మీతో ఒక్క మాట..."

పేరుతో పిలవగానే ఆవిడ మొహం గట్టిపడింది. "మాటలు లేవమ్మా. ఊరు చెప్పు, టైము చెబుతా."

"పరకావు గురించి..."

"మా వాడు పంపాడా?"

"లేదండీ. నేనే వచ్చాను. ఎన్‌కార్నసియోన్ నుంచి. నేను చదువుకునేది దాంతోనే. పరీక్షలు దగ్గరపడ్డాయి. అది లేకపోతే..."

"అందరికీ నా గొంతుతో ఏదో ఒక పని ఉంటుంది," అంది మిర్నా. "ఒకడు నవ్వుకోవాలి, ఒకడు తాగినప్పుడు వినాలి, నీకు చదువుకోవాలి. కళ్ళున్నాయిగా, చదువుకో."

అరసెలికి తను చెప్పబోయేది నోటిదాకా వచ్చి ఆగింది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చుట్టూ మనుషులున్నారు. కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది.

"నాకు చదవడం రాదండీ. అంటే వచ్చు. కానీ అక్షరాలు నిలబడవు. కదిలిపోతాయి. మీరు చదువుతుంటే నిలబడతాయి."

మిర్నా ఆమెని పైనుంచి కిందికి చూసింది. "కాలేజీ పిల్లవి. చదవడం రాదా? ఇలాంటి కథలు చాలా విన్నానమ్మా." అద్దానికి లోపలి వైపు అంటించిన కాగితం చూపించింది. సామాను తీసుకెళ్ళే నియమాలవి, పైన స్పానిష్‌లో, కింద గ్వారానిలో. "చదువు చూద్దాం."

అరసెలి చదవడం మొదలుపెట్టింది. పసుపు వరుస లేదు, జాగా లేదు, అద్దం మీద వెలుగు పడి అక్షరాలు ఇంకా అల్లాడుతున్నాయి. మొదటి మాట బాగానే వచ్చింది. రెండోది తిరగబడింది. మూడోదాన్ని విడగొట్టి, కలిపి, తప్పని తెలిసి వెనక్కొచ్చింది. వేలు పెట్టి వరుస పట్టుకుంది. చెవులు మండుతున్నాయి. వెనక వరుసలో నిలబడ్డ టాక్సీ డ్రైవరు నవ్వాడు.

"ఏంటి పిల్లా, ఒకటో తరగతి కూడా దాటలేదా? మా మనవరాలు నయం."

అరసెలి ఆగలేదు. ఆగితే ఏడుస్తానని తెలుసు. తరువాతి మాటకి పోయింది.

లౌడ్‌స్పీకరు గరగరమంది. "టాక్సీ నడుపువారు టాక్సీల దగ్గరే ఉండవలెను. ప్రయాణికులను చూసి పళ్ళికిలించుట వారి పని కాదు." ఎక్కడో ఒక ముసలమ్మ పగలబడి నవ్వింది. డ్రైవరు టోపీ సర్దుకుని జారుకున్నాడు. మిర్నా మైకు మీట కట్టేసి, పక్క తలుపు తీసింది.

"లోపలికి రా. ఇక చదవద్దు. చాలు."

లోపల ఇద్దరికీ సరిపడా చోటు లేదు. మిర్నా ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి తను గోడకి ఆనుకుంది. తెరెరె పోసి ఇచ్చింది.

"నేనలా చదివించాల్సింది కాదు," అంది.

"పర్లేదండీ."

"పర్లేదనకు. నన్నందరూ ఏం చేశారో నేను నీకదే చేశాను." ఆవిడ మైకు వైపు చూసింది. "ఆ మీట నొక్కాలంటే భయం నాకు. ఎవడు నవ్వుతాడో అని ముందే వినపడుతుంటుంది. ఇంట్లో కూడా నోరెత్తను. మా ఆయన అడుగుతాడు, మూగదానివైపోయావేంటే అని."

"మీరు కష్టమైన మాట వచ్చే ముందు చిన్నగా ఊపిరి తీసుకుంటారు," అంది అరసెలి.

"ఏంటి?"

"ప్రోగ్రాంలో. కష్టమైన మాట ముందు. ఆ ఊపిరి వినపడగానే నేను వేలు గట్టిగా పెట్టుకుంటా, పెద్ద మాటొకటి వస్తోందని. మొదట్లో మెషీను చప్పుడనుకున్నా. కాదు, అది మీరే."

మిర్నా వేళ్ళతో ముడిలోంచి జారిన వెంట్రుకలు వెనక్కి తోసుకుంది, మళ్ళీ తోసుకుంది. బయట ఒక బస్సు హారన్ కొట్టింది.

"నువ్వు మంచిదానివే," అంది. "అయినా ఇవ్వను. ఇవాళ నీకిస్తా, రేపు నీ స్నేహితురాలు అడుగుతుంది, ఎల్లుండి ఎవడి చేతిలో ఉంటుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. మా తమ్ముడు కూడా మంచివాడే. మంచివాడు కాబట్టే ఇలా అయింది."

అరసెలి తలూపింది. బతిమాలుదామనుకుని వచ్చిన మాటలన్నీ ఆ ఇరుకు గదిలో ఎందుకూ పనికిరానివిగా తోచాయి. ఎన్‌కార్నసియోన్ బస్సు వచ్చింది. మిర్నా మీట నొక్కి ఆ బస్సు పేరు చెప్పింది, ఈసారి అంత తొందర లేకుండా. అరసెలి ఫోన్ నంబరు కాగితమ్ముక్క మీద రాసి, అడగకుండానే బల్ల మీద పెట్టి బయటపడింది.

దారంతా ఆమెకి కుదురు లేదు. వెళ్ళిన పని కాలేదు. కానీ ఏళ్ళ తరబడి దాచిన మాట టాక్సీ డ్రైవర్ల ముందు, సామాన్ల మధ్య పైకి అనేసింది. ఆకాశం ఊడి పడలేదు. ఇల్లు చేరగానే, సంచి దించకుండానే పెర్లాకి కూడా చెప్పేసింది.

పెర్లా అన్నం తింటున్నది ఆపి వింది.

"అంటే ఆ పసుపు గీత, ఆ కోడి..."

"కోడి ఊరికే. నాకిష్టం."

"నేనెన్ని మాటలన్నానే నిన్ను. నోర్మూసుకో అనొచ్చు కదా ఒక్కసారైనా." పెర్లా కంచం పక్కన పెట్టింది. "దొంగమొహందానా, మూడేళ్ళుగా పక్క మంచంలోనే ఉన్నాను. నేను చదివిపెట్టనా? ఏది పుస్తకం, ఇలా తే."

పరీక్షలదాకా పెర్లా చదివిపెట్టింది. నోట్లో ఏదో నములుతూ, మధ్యలో రచయితల్ని తిడుతూ, నిద్రొస్తే వరుసలు మింగేస్తూ చదివింది. అరసెలి గదిలో అటూ ఇటూ నడుస్తూ వింది. వ్యాకరణం దగ్గర పెర్లా చేతులెత్తేసింది. ఆమె రాజధాని అసున్సియోన్‌లో పెరిగింది, గ్వారానిలో ఆమెకి వచ్చినవన్నీ తిట్లే. అరసెలి అన్నీ గట్టెక్కింది, ఆ ఒక్క వ్యాకరణం మాత్రం పోయింది. దాన్ని ఫిబ్రవరిలో మళ్ళీ రాయాలి. ఈలోగా ధైర్యం చేసి వ్యాకరణం పంతులమ్మ దగ్గరికి వెళ్ళి అక్షరాల సంగతి చెప్పింది. ఆవిడ జాలిపడలేదు, తిట్టనూ లేదు. "ముందే చెబితే ఏం పోయింది?" అని, ఫిబ్రవరిలో కొంత సమయం ఎక్కువ ఇప్పిస్తానంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తగానే ఆ గొంతు. అరసెలి కూర్చున్నదల్లా లేచి నిలబడిపోయింది.

"పాసయ్యావా?" అంది మిర్నా, పలకరింపేమీ లేకుండా.

"ఒకటి పోయిందండీ. గ్వారాని వ్యాకరణం."

"చదివిపెట్టేవాళ్ళు లేకపోతే అదే పోతుందనుకున్నా." ఫ్యాను చప్పుడు వినిపించింది. "మా తమ్ముడి కొట్టుకెళ్ళాను మొన్న. మొహం చూసి ఎన్నాళ్ళయిందో, వెధవ, చిక్కిపోయాడు. నీకొక కాపీ పంపుతాడు. నీ ఒక్కదాని మెషీనులోనే పనిచేసేట్టు చేశాడు. ఎవరికైనా కావాలంటే నువ్వివ్వడానికి లేదు. నన్నడగాలి. నాతోనే మాట్లాడాలి. విన్నావా?"

"విన్నానండీ."

"సరే మరి. కాసపా బస్సు వచ్చింది," అని పెట్టేసింది.

అరసెలి మాట మీద నిలబడింది. కాలేజీలో అడిగినవాళ్ళకి బస్టాండు నంబరిచ్చి పంపింది. చాలామంది అంత దూరం ఫోన్ చేయడమెందుకని వదిలేశారు. కొందరు చేశారు. మిర్నా వాళ్ళని పోలీసులా నిలదీస్తుందట. ఏం చదువుతావు, ఎందుకు కావాలి, చదివి వినిపించు చూద్దాం, అని. సగంమందికి లేదు పొమ్మంటుందట. ఒకరోజు బ్లాస్ ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాడు. ఎవరో పల్లెటూరి పిల్ల ఫోన్లో ఏడుస్తుంటే అక్క మైకు మీట కట్టేయడం మరిచిపోయిందట. "ఏడవకు తల్లీ, నెమ్మదిగా, ఊపిరి తీసుకో, మళ్ళీ మొదటినుంచి," అని ఓదార్చడం బస్టాండంతా వినపడిందట. ఆ కుర్రాళ్ళేమన్నారని అరసెలి అడిగింది.

"ఒకడేదో అనబోయాడట. చీపా అమ్మే ఆవిడ బుట్ట దించి వాడి ముందు నిలబడింది. ఇక వాడు నోరు తెరవలేదు."

ఫిబ్రవరి పరీక్ష మర్నాడనగా అరసెలికి ఎక్కడా నిలవబుద్ధి కాలేదు. నది ఒడ్డు దాకా నడిచి వెనక్కొచ్చింది. తెరెరె చేసుకుని తాగడం మరిచిపోయింది. ల్యాప్‌టాప్ తెరిచి వ్యాకరణం పేజీ పెట్టి, చిలక మీద నొక్కింది. మిర్నా చదవడం మొదలుపెట్టింది. పొడవైన క్రియ దగ్గర ఆ చిన్న ఊపిరి. అరసెలి వేలు తెరకి ఆనించి, మిర్నాతో పాటు తనూ పైకి అంది. తప్పు వచ్చింది. వెనక్కెళ్ళి మళ్ళీ అంది. పెర్లా పక్క మంచంలోంచి, "ఇంకొంచెం గట్టిగా చదవే, నాకూ నాలుగు మంచి మాటలు వస్తాయి," అంది.